లాటిన్ పాటా, ఇనపరాయి బండీ

బస్తర్ కొండల్లోని కిరండూల్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్లలకి అమ్మ, అత్త అనే మాటల కంటే ముందు వచ్చే విద్య ఒకటుంది. ఇనపరాయి బండి వస్తే నోరు మూసుకోవడం. కొండ మీంచి దిగిన రాయిని నింపుకుని విశాఖపట్నం రేవుకి పోయే ఆ బండి మా వెనక గోడకి ఎంత దగ్గరగా పోయేదంటే, వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి వేగన్ల మీద వడియాలు పెట్టుకోవచ్చు. రేవు చేరేసరికి ఎండి ఉంటాయి. తెచ్చి ఇచ్చేవాడే ఉండడు.

ముందు ఇంజన్లు, వెనక యాభై పైచిలుకు వేగన్లు, చిట్టచివర గార్డు పెట్టె. అది పోతున్నంతసేపూ బ్రహ్మదేవుడు దిగొచ్చి వరమిస్తానన్నా వినబడదు. అందుకని కాలనీలో ఒక పద్ధతి పాతుకుపోయింది. బండి రాగానే మాట ఏ అక్షరం దగ్గరుంటే అక్కడ ఆపాలి. గార్డు పెట్టె దాటగానే మళ్ళీ ఆ అక్షరం నుంచే అందుకోవాలి. బండి మౌనం అనేవాళ్ళం. మా అమ్మ ఒకసారి నన్ను "వెధ" దగ్గర ఆపి, గరిట గాల్లోనే ఉంచి, బండి పోయాక "వా" అంది. ఆ మధ్యలో నేను చేసిన తప్పేమిటో నేను మరిచిపోయాను గానీ ఆవిడ మరవలేదు. మా పక్క క్వార్టరు పెళ్ళిలో తాళి రెండో ముడి దగ్గర బండి వచ్చింది. ఆలోచించుకోవడానికి దేవుడు అంత వ్యవధి ఇచ్చినా వాడుకోలేదని ఆ పెళ్ళికొడుకు ఇప్పటికీ నాతో వాపోతుంటాడు.

ఇక చర్చి సంగతి చెప్పనే అక్కర్లేదు. అది మా ఇళ్ళ కంటే ఇంకో పది అడుగులు పట్టాలకి దగ్గర. అయ్యగారి ప్రసంగంలో పాపం దగ్గర బండి వస్తే పుణ్యం వినడానికి వేగన్లన్నీ పోవాల్సిందే. పాటలూ అంతే. చరణం మధ్యలో ముప్పైమందీ నోళ్ళు ఏ ఆకారంలో ఉన్నాయో ఆ ఆకారంలోనే నిలబడిపోయేవాళ్ళం. ఈగలకి అదొక పండగ. కిటికీ పక్కన మావయ్య కుడిచెయ్యి పైకెత్తి నిలబడేవాడు, జెండా పట్టుకున్నట్టు. గార్డు పెట్టె దాటగానే చెయ్యి దించేవాడు. ముప్పై గొంతులూ సగం మింగిన ఆ అక్షరం మీదే కలిసి దిగేవి. ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

మావయ్య అంటే నాకు వరసకి ఏమీ కాడు. మాది గుడికెళ్ళే ఇల్లు, వాళ్ళది చర్చికెళ్ళే ఇల్లు. కాకపోతే విజయనగరం వైపు నుంచి మా పెద్దవాళ్ళంతా ఒకే బండెక్కి ఈ కొండల్లోకి వచ్చినవాళ్ళు. దిగేసరికి పెట్టెలతో పాటు వరసలు కూడా కలిసిపోయాయి. ఆయన ఇనపరాయి బళ్ళకి గార్డు. చర్చి క్వయర్‌కి గురువు. నన్ను క్వయర్‌లో చేర్చుకున్నది గొంతు బాగుందని కాదు, మందంగా ఉందని. బేస్ గొంతులు ఎప్పుడూ కరువే కదా. నేను చేరినది కూడా సంగీతం మీద ప్రేమతో కాదు, క్రిస్మస్‌కి అత్త చేసే కైమా కోసం. అత్త అంటే మావయ్య భార్య. ఆడవాళ్ళలో కింది స్థాయి పాడే ఆల్టో వరసలో మొదటి మనిషి. ఇంట్లో అన్ని వరసల్లోనూ మొదటి మనిషే.

నాకు ఇరవై నాలుగేళ్ళు, గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరి ఆరునెలలు. అప్పుడు వచ్చింది ఆ కబురు. ఎక్కడో పెద్ద విశ్వవిద్యాలయం వాళ్ళ క్వయరూ ఆర్కెస్ట్రా ఊరూరా తిరుగుతూ మా గని ఆఫీసర్ల క్లబ్బులో ఒక సాయంత్రం పాడతారట. పాట లాటిన్. ముప్పావు గంట. రాసినవాడు పోయి రెండొందల ఏళ్ళు. అంతవరకూ మాకేమీ పట్టింపు లేదు. అయితే బస్తర్ అనగానే ఆ విశ్వవిద్యాలయంలో బేస్ కుర్రాళ్ళ తల్లులందరికీ ఒకేసారి మలేరియా భయం పట్టుకుంది. నలుగురు మిగిలారు. అందులో ఒకడికి జలుబు. ఆ ఊళ్ళో మందంగా పాడేవాళ్ళెవరైనా ఉంటారా అని పుల్ల ఊపి పాట నడిపించే వాళ్ళ కండక్టరమ్మ క్లబ్బుకి ఉత్తరం రాసింది. క్రిస్మస్‌కి మా పాట విన్న ఆఫీసరొకడు మా పేరు చెప్పాడు. ఉత్తరం, దాని వెంట గడ్డిమోపంత మందాన పాట కాగితాలూ చర్చికి వచ్చాయి. వచ్చి పాడి వినిపించండి, బాగుంటే వేదిక మీద నిలబెడతాను, లేకపోతే క్షమించండి అని రాసిందావిడ. అడిగింది బేస్ గొంతులనే గానీ మా క్వయర్ ముప్పైమందీ తయారయ్యాం.

మావయ్య ఆ పాట పేరు చదివి హార్మోనియం మీద కూర్చున్నాడు. బల్ల మీద కాదు, హార్మోనియం మీదే. అది ఒక మూలుగు మూలిగింది.

మిషన్ బడిలో చదువుకున్నప్పుడు దొరసానమ్మ దగ్గర చేత్తో తిప్పే గ్రామఫోను ఉండేదట. అందులో ఈ పాటే. ఆఖరి కోరస్ మెట్లెక్కినట్టు ఒక్కొక్క గొంతే పైకి పోతూ, ఇంకేముంది తలుపు తెరుచుకోబోతోంది అనుకునే చోట, రికార్డు మీద గీత. ముల్లు వెనక్కొచ్చి మళ్ళీ అవే నాలుగు మెట్లు. దొరసానమ్మ వేలితో తోస్తే ముల్లు జారి ఏకంగా మధ్యలోని కాగితం బిళ్ళ మీద పడేది. తలుపు అవతల ఏముందో పన్నెండేళ్ళ కుర్రాడికి తెలియలేదు. మొన్న మొన్నటి దాకా గార్డు పెట్టెలో కూర్చుని, అరకు సొరంగాల్లో ఆ నాలుగు మెట్లే ఎక్కుతూ దిగుతూ ఉద్యోగమంతా చేసి, కిందటి నెలే రిటైరయ్యాడు. క్వార్టరు ఇంకా ఏడెనిమిది నెలలు ఉంచుకోవచ్చు. ఆ లోపల వచ్చింది పాట.

"ఒకసారి దాటాలిరా అల్లుడూ," అన్నాడు. "ఆ గీత దాటి అటేపు ఏటున్నాదో సూసీసొస్తే సాలు."

నెలరోజులు సాధన. ఆ కాగితాల్లోని చుక్కలూ తోకలూ మాకెవరికీ తెలియవు. మేమంతా సోల్ఫా వాళ్ళం, స్వరాలని డో రే మీ అని అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్ళం. మావయ్య మొత్తం పాటని సోల్ఫాలోకి దింపి, కింద లాటిన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాశాడు. రాసింది పాత గార్డు జర్నల్ కాగితాల వెనక. అందుకని నా ఆఖరి కోరస్ వెనక వైపు దంతెవాడలో బండి ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో వివరంగా ఉండేది. రెండువేల ఏళ్ళ లాటిన్ భాషకి మొదటిసారి విజయనగరం యాస పట్టించిన ఘనత మా ఆల్టోలకే దక్కాలి. అత్త ఆ భాషని పచ్చి చేపని కడిగినట్టు కడిగి, ముళ్ళు తీసి, మెత్తగా చేసి పాడేది. బళ్ళు ఎక్కువ ఉన్న రోజున ముప్పావు గంట పాట రెండు గంటలు పట్టేది. బండి రావడం, ఆగడం, మావయ్య చెయ్యెత్తడం, దించడం, అందుకోవడం. కొన్ని చోట్ల నేను ఆ మౌనం కూడా పాటలో భాగమే అనుకుని నేర్చుకున్నాను.

ఆ నెలలోనే ఆయన చెవుల సంగతి నాకు తెలిసింది.

నేను పక్కన నిలబడి తప్పు స్వరం పాడుతున్నా మావయ్య తిట్టడం లేదు. మొదట రిటైరైన మనిషికి దయ పుట్టిందనుకున్నాను. తర్వాత చూస్తే అయ్యగారి తప్పులకీ తిట్టడం లేదు. ఒకరోజు ఆయన కుడిపక్కన నిలబడి, మీ ఇంటి వెనక నిప్పంటుకుందని చెప్పాను. చిరునవ్వుతో తలూపాడు. ఎడమపక్కకి వచ్చి, కొంచెం గట్టిగా, అబద్ధమని చెప్పాను. అప్పుడు పట్టుబడిపోయాడు.

"కుడి సెవి పూర్తిగా పోనాది," అన్నాడు. "ఎడమది సెలవు మీదున్నాది. మీ అత్తకి సెప్పకు."

ఇంట్లో ఇన్నాళ్ళూ ఎలా దాగిందన్నది నాకు వింతగా ఉండేది. తర్వాత పెళ్ళయ్యాక అర్థమైంది. పిలిస్తే మొగుడు పలకకపోవడం మా కాలనీలో జబ్బు కింద లెక్క కాదు, స్వభావం. అత్తకి తెలిస్తే మాత్రం మర్నాటి పేసింజరు తప్పదు. ఒకసారి ఎక్కిళ్ళు ఆగలేదని ఆయన్ని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఇరవై రోజులు తమ్ముడింట్లో కూర్చోబెట్టిన మనిషి. చెవంటే ఇక ఆరు నెలలు. పాట ఈలోపల వచ్చి, పాడి, వెళ్ళిపోతుంది. కండక్టరమ్మకి తెలిసినా అంతే. చెవి వినబడని గాయకుణ్ణి ఎవరు నిలబెడతారు? ఎడమది కూడా పోతే తలుపు అవతల ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు.

చర్చిలో ఇబ్బంది లేదు. కిటికీలోంచి బండిని కళ్ళతో చూసి చెయ్యెత్తేవాడు. మా నోళ్ళు చూసి పాడేవాడు. తాళం మాత్రలు లెక్కపెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. వేగన్లు లెక్కపెట్టి బతికినవాడు కదా. అయినా ఒక ఒప్పందం చేసుకున్నాం. వేదిక మీద నేను ఆయన ఎడమపక్క నిలబడాలి. ప్రతి అందుకోవడానికీ ముందు ఆయన చొక్కా అంచు ఒకసారి లాగాలి. అంటే ఒక చెవిటి బేస్‌ని ఒక మొద్దు బేస్ నడిపించాలి. గుడ్డివాడి భుజం మీద కుంటివాడు ఎక్కడమంటే ఇదే.

పాట రోజు మధ్యాహ్నానికి మూడు బస్సులు దిగాయి. నా కళ్ళకి ముప్పై అనిపించాయి. మనిషంత వయొలిన్లు, మనిషిని మింగేసే బాకాలు, దుప్పట్లు చుట్టుకున్న పిల్లలు, దోమల మందు వాసన. రావాల్సిందంతా వచ్చింది, పెద్ద రాగి గిన్నెల మీద తోలు బిగించిన గిన్నె డోళ్ళు తప్ప. వాటిని వేరే లారీలో వేశారు. ఆ డ్రైవరు జగదల్‌పూర్‌లో మలుపు తప్పి సుక్మా రోడ్డెక్కి, కబురు అందేసరికి తోంగ్‌పాల్‌లో టీ తాగుతున్నాడు. అక్కడ సంత రోజట. వచ్చిన ప్రతివాడూ డోలు మీద ఒక దెబ్బ వేసి, బాగానే ఉంది గానీ మా డోలంత కాదు అని తేల్చి పంపారట.

కండక్టరమ్మ పొట్టి మనిషి. చేతిలో పుల్ల లేకపోతే ఎవరి అమ్మమ్మో అనుకుంటాం. మమ్మల్ని నిలబెట్టి పది నిమిషాలు విన్నది. అత్త లాటిన్ దగ్గర కనుబొమ్మలు పైకి పోయాయి గానీ, దిగేటప్పుడు నవ్వుతూ దిగాయి. వేదిక ఎక్కమంది. మావయ్యని మాత్రం ప్రత్యేకంగా మొదటి వరసలో కుడి చివర, కిటికీ పక్కన నిలబెట్టింది. ఇంత కన్నార్పకుండా తన చేతినే చూసే గాయకుణ్ణి ఇంతవరకూ చూడలేదని పిల్లలందరికీ ఆయన్ని ఆదర్శంగా చూపించింది. ఈలోగా నేను ఆయన ఎడమపక్కకి చేరాను. మావయ్య వినయంగా తలూపాడు. ఆవిడ ఏమందో ఆయనకి తెలియదు.

ఆ మధ్యాహ్నం క్లబ్బు వెనక పట్టాల మరమ్మతు ఉండి బళ్ళు ఆపేశారు. కాబట్టి రిహార్సల్ నిశ్శబ్దంగా సాగింది. ఆఖరి కోరస్ దాకా వచ్చి ఆగారు. దాన్ని మొదలుపెట్టేది డోళ్ళే. అవి లేకుండా వద్దు, సాయంత్రం నేరుగా పాడేద్దాం అందావిడ. మావయ్య ముఖం చూశాను. తలుపు దగ్గరకి వెళ్ళి తాళం మరిచిపోయిన మనిషిలా ఉన్నాడు.

సాయంత్రం బండి మాటేమిటని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. మా స్టేషన్ మాస్టరు మగవాళ్ళలో పై స్థాయి పాడే టెనర్ వరసలో రెండోవాడు. ఆరున్నరకి మొదలై ఏడున్నరకి అయిపోయే పాటకి ఎనిమిది దాకా బండి ఆపించే పూచీ తనదన్నాడు. తన బదులు డ్యూటీలో ఉన్న తమ్ముడికి చెప్పాడు: ఎనిమిది కొట్టేదాకా బండి కదలకూడదు. ఆ తమ్ముడు ఆజ్ఞ పాటించే మనిషి. పాటించాడు కూడా.

డోళ్ళు చీకటి పడేవేళకి దిగాయి. క్లబ్బు కాపలాదారుది మద్దేడ్ అనే ఊరు. ఇంట్లో దోర్లి, సంతలో హల్బీ, ఆఫీసర్లతో హిందీ, మాతో తెలుగు మాట్లాడేవాడు. రాగి గిన్నెల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏంది సార్ ఇది, ఇంత పెద్ద గంగాళాలు," అన్నాడు నాతో. "ఎంతమందికి వండుతరు?"

చలికాలం కాబట్టి కిటికీలన్నిటికీ మందపాటి తెరలు లాగి, కట్టి, తన పని ముగించాడు.

ఆరున్నరకి పాట మొదలు కావాలి. ఆరున్నరకి ఉపన్యాసాలు మొదలయ్యాయి. గని పెద్దాయన హిందీలో, ఇనుముకీ సంగీతానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడాడు. అంత సంబంధం ఉందని అప్పటిదాకా ఇనుముకి కూడా తెలియదు. తర్వాత ఆయన కింది ఆయన, ఆయన మాట్లాడినదంతా సంక్షిప్తంగా, అంతకంటే పొడుగ్గా చెప్పాడు. పూలగుత్తులు ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. రెండో దెబ్బకి పగిలింది. పాట మొదలయ్యేసరికి ఏడుంబావు దాటింది. మా స్టేషన్ మాస్టరు గడియారం చూసుకుని, చూసుకోనట్టు నటించాడు.

పాట గురించి ఏం చెప్పను? నేను అంతవరకు హార్మోనియం పక్కన పాడినవాణ్ణి. ఎదురుగా నలభై వయొలిన్లు ఒక్కసారి లేస్తే ఎలా ఉంటుందో నా వెన్నెముకకి తెలియదు. మొదటి పేజీలోనే నా లాటిన్ సగం ఎగిరిపోయింది. చొక్కా లాగడం మాత్రం మరవలేదు. ఒక లాగు, మావయ్య గొంతు. ఇంకో లాగు, మావయ్య గొంతు. కుళాయి తిప్పినట్టు వచ్చేది.

ఎనిమిదింటికి ఆఖరి కోరస్. డోళ్ళు మోగాయి. ఆయన భుజం నా భుజానికి తగిలి ఉంది. సొప్రానోలు మొదటి మెట్టు, ఆల్టోలు రెండు, టెనర్లు మూడు, మేం నాలుగు. మళ్ళీ మొదటి మెట్టు. మళ్ళీ. అదే ఆ గీత ఉన్న చోటని నాకు తెలుసు. మా కాగితం మీద అక్కడ ఆయన ఎర్ర పెన్సిలుతో నిలువుగా గీసుకున్నాడు.

సరిగ్గా అక్కడ, ఎనిమిది కొట్టేదాకా ఆగి, ఎనిమిది కొట్టగానే కదిలిన ఇనపరాయి బండి క్లబ్బు వెనకకి వచ్చింది.

మేం కావాలని చెయ్యలేదు. దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు, కాలనీ వాళ్ళం ముప్పైమందిమీ ఒక్క క్షణంలో ఆగిపోయాం. నోరు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలో. స్టేషన్ మాస్టరు నోరు సున్నాలా ఉంది. విశ్వవిద్యాలయం పిల్లలు మా వైపు చూసి బెదిరిపోయి తడబడ్డారు. ఒకరి గొంతు ఒకరికి వినబడక చెదిరిపోయారు. వయొలిన్ల చేతులు కదులుతున్నాయి, శబ్దం లేదు. వేదిక మొత్తం చేపల తొట్టిలా అయింది. కండక్టరమ్మ ముఖం మాత్రం చేపలా లేదు. మేమంతా అలవాటు కొద్దీ మావయ్య కుడిచేతి వైపు చూశాం, ఎప్పుడు ఎత్తుతాడా, ఎప్పుడు దించుతాడా అని.

ఆ చెయ్యి లేవలేదు. ఆయన పాడుతున్నాడు.

కిటికీకి తెర ఉంది. బండి వచ్చింది కుడివైపు నుంచి. వేదిక చెక్కలు అదురుతున్నాయి గానీ, ముప్పై ఏళ్ళు గార్డు పెట్టె కుదుపు తిన్న కాళ్ళకి అదొక అదురా? ఆయన లోకంలో బండి లేదు. కండక్టరమ్మ పుల్ల ఉంది, లెక్క ఉంది, ఎడమ చెవి పక్కన డోళ్ళున్నాయి. ఎర్ర గీత దాటి, నోరు పూర్తిగా తెరిచి, నిటారుగా పైకి వెళ్ళిపోతున్నాడు. నేను చొక్కా లాగనే లేదు. నాకు ఒక చెయ్యి ఉందనే గుర్తులేదు.

ఇనపరాయి బండి పోతుంటే గార్డు ఆగలేదు. దానికి అర్థం ఒక్కటే. కాలనీలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను మెల్లగా ఆల్టోల వైపు చూశాను. అత్త ఆయన్నే చూస్తోంది. ఏడాదిగా ఆయన పలకని పిలుపులన్నీ, వడ్డించాక మళ్ళీ అడిగిన కూరలన్నీ, ఒక్కొక్క వేగనూ ఆవిడ కళ్ళ ముందు నుంచి పోవడం నాకు కనబడింది.

అప్పుడు ఆవిడ నోరు తెరిచింది. ఈ కాలనీలో దిగినప్పటి నుంచీ బండి మౌనం తప్పని మనిషి, వేగన్లు ఇంకా పోతుండగానే, ఆయన పెదవులు చూసి, ఆయన ఏ అక్షరం మీద ఉన్నాడో ఆ అక్షరం మీద అందుకుంది. ఆవిడని చూసి ఆల్టోలు. వాళ్ళని చూసి మేం. మమ్మల్ని చూసి పిల్లలు. కండక్టరమ్మ మా ఎవరి వైపూ చూడకుండా పుల్లని మావయ్యకే అప్పగించినట్టు ఆయన కళ్ళలోకి చూస్తూ ఊపింది. మేం ఏం పాడామో మాకే వినబడలేదు. గార్డు పెట్టె దాటి చప్పుడు పోయేసరికి, చూస్తే, అందరం ఒకే చోట ఉన్నాం. ఇంకో నాలుగు గుక్కలకి పాట అయిపోయింది.

చప్పట్లు అంత గట్టిగా ఆ క్లబ్బులో అంతకుముందు ఒక్కసారే మోగాయట, బోనస్ ప్రకటించినప్పుడు. ముందు వరస ఆఫీసర్లు ఇళ్ళకి వెళ్తూ, ఆ రాగి గిన్నెలు అంత ఉరుముతాయనుకోలేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. కాపలాదారు కూడా, మధ్యలో గంగాళాల చప్పుడే బాగుందన్నాడు. ఎవరి నమ్మకాన్నీ మేం చెడగొట్టలేదు.

కండక్టరమ్మ నేరుగా మావయ్య దగ్గరకి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, కుడి చెవి పక్కన చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. ఆ నాలుగు పేజీలూ ఒక్క మనిషి మోశాడనీ, ఆయన లేకపోతే పాట అక్కడే చచ్చిపోయేదనీ. ఆయన చర్చిలో దీవెన అందుకున్నట్టు తలవంచి నిలబడ్డాడు. ఆవిడ వెళ్ళగానే నా వైపు వంగాడు.

"ఏటందిరా?"

నాకు చిలిపి బుద్ధి ఎక్కువ. "శ్రుతి కొంచెం తగ్గిందంట మావయ్యా," అన్నాను.

ఆయన నిజమే కాబోలనుకుని దిగులుగా తలూపాడు. ఇంతలో అత్త వెనక నుంచి వచ్చింది. కుడివైపు నుంచి వస్తున్న మనిషి, ఒక అడుగు ఆగి, చుట్టూ తిరిగి, ఎడమవైపుకి వచ్చి నిలబడింది. అంతే. ఆ చుట్టు తిరగడంతోనే మావయ్యకి అర్థమైపోయింది. బడి ఎగ్గొట్టి దొరికిపోయిన కుర్రాడి ముఖం పెట్టాడు.

"ఈడి మాట నమ్మకండి," అంది ఆయన ఎడమ చెవిలో. "మీరే మోసుకెల్లారంది. అందర్నీ." తర్వాత అదే గొంతుతో, "రేపు పొద్దున్న పేసింజరుకి ఎల్తన్నాం. సద్దుకోండి," అంది.

ఆయన ముందుగా పాట కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. నన్ను తిట్టబోయిన అత్త, తిట్టు అక్షరం దగ్గర ఆగి, ఏమనుకుందో, మిగతాది మింగేసింది. బండేమీ రాలేదు.

ఇంటికి నడుస్తుంటే నేను ఆయన ఎడమపక్కకి చేరి అడగాల్సింది అడిగాను. ఆ హాల్లో ఆ నాలుగు పేజీలూ ఎవరికీ వినబడలేదు. ఆర్కెస్ట్రాకీ వినబడలేదు, ఆవిడకీ వినబడలేదు. విన్నవాడంటూ ఉంటే ఆయనొక్కడే. గీత దాటాక ఏముంది మావయ్యా, అని.

ఆయన ఎడమ చెవి నా వైపు వంచి, విని చెప్పాడు.

"ఏటీ నేదురా. మళ్ళీ అయ్యే నాలుగు మెట్లు. కొంచెం పైనుంచి, అంతే." ఇంకొంచెం నడిచి, "పాపం ఆ గ్రామఫోను తప్పేటీ నేదు," అన్నాడు. నవ్వు మొదలుపెట్టి, మా వీధి మలుపు దాకా ఆపలేకపోయాడు. అత్త ముందు నడుస్తూ వెనక్కి తిరగలేదు గానీ, ఆవిడ భుజాలు కూడా కదులుతున్నాయి.

పొద్దున్న స్టేషన్‌కి క్వయరంతా వచ్చింది. రెండు పెట్టెలు, ఒక కేరేజీ, సంచిలో పాట కాగితాల కట్ట. మావయ్య పేసింజరు కిటికీ దగ్గర కూర్చుని నాతో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో అవతలి పట్టాల మీద ఖాళీ వేగన్లు గనికి పోతూ వచ్చాయి. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. ఆయన ఆగలేదు. నా వైపు వేలు చూపిస్తూ, చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. అత్త పక్కన కూర్చుని ఆయన పెదవులు చూస్తూ తలూపుతోంది. వేగన్లు అయిపోయేలోపే పేసింజరు కదిలింది.

ఆరు నెలల తర్వాత మావయ్య ఒక చెవికి మిషను పెట్టించుకుని వచ్చి, పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోతున్నప్పుడు, ఆ రోజు ఏమన్నావని అడిగాను. తనకి గుర్తు లేదన్నాడు. అత్తని అడిగాను.

"నీ గురించే," అంది. "సొక్కా లాగడం మరిసిపోనాడు ఎదవ, అని."